ఒక క్లబ్బు వద్దంటే ఏడాది పోవాలా?

2025 సీజన్ ముగిసినప్పటి నుంచి డాలస్ చుట్టుపక్కల బేస్‌బాల్ చూసే మిత్రులు ఒకే మాట అంటున్నారు. బంతి విసిరే ఆటగాడు, అంటే పిచ్చర్, కుమార్ రాకర్ చేతి విషయంలో న్యూయార్క్ మెట్స్ క్లబ్బు ముందే సరిగ్గా పసిగట్టిందట, 2021లో వైద్య పరీక్ష తర్వాత ఒప్పందం మానుకుని మంచిపని చేసిందట. అంకెలు చూస్తే కొట్టిపారేయడం కష్టమే. టెక్సస్ రేంజర్స్ తరఫున ఆ ఏడాది 14 ఆటల్లో పిచింగ్ మొదలుపెట్టిన రాకర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఐదున్నరకు పైగా పరుగులు ఇచ్చాడు. వసంతంలో భుజం నొప్పితో కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు. సీజన్ పూర్తికాకముందే కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌కు వెళ్లాడు.

అయినా ఈ తీర్పుతో నేను ఏకీభవించను. అతని చేతిలో వైద్యులు ఏం చూశారన్నది ఎలాగూ బహిరంగం కాలేదు. వారి అంచనా అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పటికీ 2021 ఆగస్టు 1న జరిగింది అన్యాయమే అంటాను. ఆటగాడిని తీసుకోవాలా వద్దా అన్నది క్లబ్బు ఇష్టం. ఆ హక్కును ఎవరూ కాదనలేరు. కానీ తాను వద్దనుకున్నంత మాత్రాన మిగతా 29 క్లబ్బులూ ఏడాదిపాటు ఆ కుర్రాడితో బేరం మాట్లాడకూడదా? నా అభ్యంతరమంతా ఈ ఒక్క చోటే ఉంది.

జీతం లేని చేతితో 131 బంతులు

రాకర్ పేరు దేశమంతటా మోగింది 2019 జూన్ 8న. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో అతనికి అది మొదటి ఏడాది, వయసు పంతొమ్మిది. ముందురోజు డ్యూక్ జట్టు చేతిలో వాండర్‌బిల్ట్ 18-5 తేడాతో చిత్తుగా ఓడింది. మళ్లీ ఓడితే సీజన్ అక్కడితో సరి. ఆ స్థితిలో బంతి అందుకున్న కుర్రాడు తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 19 మందిని స్ట్రైక్అవుట్ చేశాడు. కళాశాల బేస్‌బాల్‌లో కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు ముందు వచ్చే సూపర్ రీజనల్ దశలో అంతకుముందు ఎవరూ ఇలాంటి నో-హిట్టర్ వేయలేదు. నేను ఆ ఆటను తర్వాత చాలాసార్లు చూశాను. అతని స్లైడర్ బ్యాటర్ కళ్ల ముందు ప్లేటు మధ్యకే వస్తున్నట్టు కనిపిస్తుంది. బ్యాటు కదిలాక బంతి జారి నేలవైపు పోతుంది. డ్యూక్ బ్యాటర్లు అలా గాలిని కొట్టి, వెనక్కు తిరిగి డగౌట్ వైపు నడిచిపోతూనే ఉన్నారు.

ఆ రాత్రి అతను వేసినవి 131 బంతులు. మేజర్ లీగ్‌లో కోట్లు తీసుకునే పిచ్చర్‌కు వంద దాటితే చాలు, మేనేజర్ లేచి నిలబడతాడు. ఆ చేతి మీద క్లబ్బు పెట్టుబడి ఉంటుంది మరి. కళాశాల పిచ్చర్ చేతి మీద అలా ఎవరి డబ్బూ ఉండదు. అప్పటి నిబంధనల ప్రకారం కళాశాల క్రీడల్లో అగ్రశ్రేణి అయిన డివిజన్ 1 బేస్‌బాల్ జట్టు మొత్తానికి ఇవ్వగలిగినవి 11.7 స్కాలర్‌షిప్‌లు. వాటినే ముక్కలు చేసి పాతికమందికి పంచేవారు. రాకర్ ఆ ఏడాది ఒమాహాలో జరిగిన కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో జట్టును గెలిపించి, అత్యుత్తమ ఆటగాడి గౌరవం అందుకున్నాడు. 2020 సీజన్ కోవిడ్‌తో ఆగిపోయింది. 2021లో 122 ఇన్నింగ్స్ వేసి 179 స్ట్రైక్అవుట్లు తీశాడు, 14 ఆటలు గెలిచాడు. టికెట్లు అమ్ముడుపోయాయి, టీవీ హక్కుల డబ్బు వచ్చింది. వేసినవాడికి జీతమంటూ ఏదీ లేదు.

నా మనసును పట్టి ఉంచే తేదీ ఒకటుంది. వాండర్‌బిల్ట్ తరఫున రాకర్ చివరి ఆట 2021 జూన్ 30న. ఫైనల్స్ మూడో ఆటలో మిసిసిపీ స్టేట్ 9-0తో గెలిచింది. మరుసటి రోజు, జూలై 1న, కళాశాల క్రీడాకారులు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చని దేశవ్యాప్తంగా అనుమతి వచ్చింది. మూడేళ్లు కళాశాల బేస్‌బాల్‌కు ముఖచిత్రంగా ఉన్న కుర్రాడికి ఆ మార్పు ఒక్క రోజు ఆలస్యమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చేయి అరగడం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న ఈ కథకు మూలం. క్లబ్బు వైద్యుడు ఎమ్మారై తెర మీద చూసే అరుగుదల ఆకాశం నుంచి ఊడిపడదు. జీతం లేని రోజుల్లో వేసిన బంతుల లెక్క అది. కుర్రాడిని పైకి తెచ్చిన ఆ బంతులనే అతని ధర తగ్గించడానికి కారణంగా చూపిస్తారు.

ఆగస్టు 1

మేజర్ లీగ్ క్లబ్బులు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ 2021 జూలైలో జరిగింది. అందులో రాకర్ సహచరుడు జాక్ లైటర్‌ను రేంజర్స్ రెండో స్థానంలో తీసుకుంది, సుమారు 79 లక్షల డాలర్లకు సంతకం చేయించుకుంది. రాకర్‌ను పదో స్థానంలో మెట్స్ ఎంచుకుంది. ఆ స్థానానికి లీగ్ సూచించిన మొత్తం సుమారు 47 లక్షలు. ఇరుపక్షాలూ 60 లక్షలకు మాట అనుకున్నాయి. వైద్య పరీక్ష అయ్యాక మెట్స్ మౌనం వహించింది. తక్కువ మొత్తమైనా ఇస్తామనలేదు. ఆగస్టు 1 సాయంత్రం గడువు దాటిపోయింది. డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న ఆటగాడు సూచిత మొత్తానికి ఐదు రెట్ల వరకు విలువ చేస్తాడని, అంత లాభం తెచ్చే పెట్టుబడికి తాను వెనుకాడనని క్లబ్బు యజమాని స్టీవ్ కోహెన్ సామాజిక మాధ్యమంలో రాశాడు. మనిషి భవిష్యత్తు తలకిందులైన రోజున చెప్పవలసిన మాట అది కాదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఆ తర్వాత ఎవరికి ఏం మిగిలిందో చూడండి. ఎంచుకున్న ఆటగాడు సంతకం చేయలేదు కాబట్టి మెట్స్‌కు మరుసటి ఏడాది 11వ స్థానం పరిహారంగా దక్కింది. ఆ స్థానంలో కెవిన్ పరాడా అనే క్యాచర్‌ను తీసుకుంది. అంటే క్లబ్బు ఒక్క మెట్టు దిగింది, అంతే. రాకర్‌కు పరిహారమేదీ లేదు. అతను మరో క్లబ్బుతో సంతకం చేయడానికి వీల్లేదు. మరుసటి జూలై దాకా ఆగాలి, లేదా మళ్లీ కళాశాలకు పోయి జీతం లేకుండా బంతులు వేయాలి. నష్టభయమున్న సరుకు విషయంలో అమ్మేవాడికీ కొనేవాడికీ చెరో సగం భారం ఉండాలంటాం. ఇక్కడ భారం మొత్తం ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి మీదే పడింది.

ఎదుటివారి మాటలో నిజం

ఈ వాదన మీద నాకు ఎదురైన ప్రశ్నల్లో అన్నింటికంటే బలమైనది, రాకర్ ముందుగానే ఎమ్మారై ఎందుకు ఇవ్వలేదన్నది. డ్రాఫ్ట్‌కు ముందే స్కానింగ్ ఇచ్చే పద్ధతి అప్పటికే ఉంది. అందులో పాల్గొన్న పిచ్చర్‌కు క్లబ్బు కనీసం సూచిత మొత్తంలో 40 శాతం ఇస్తాననాలి. అలా అనకపోతే ఆటగాడు స్వేచ్ఛగా ఎక్కడికైనా పోవచ్చు. రాకర్ పాల్గొనలేదు కాబట్టి ఆ రక్షణ అతనికి వర్తించలేదు. రాకర్ ఏజెంట్ స్కాట్ బోరాస్ అనుభవం లేనివాడేమీ కాదు. లెక్కలు వేసుకునే ఆ దారి ఎంచుకుని ఉంటారు. ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. మరి పిచ్చర్లు ఎందుకు వెనుకాడతారని ఆలోచిస్తే, ఒక్కసారి స్కానింగ్ ఇస్తే అది అన్ని క్లబ్బుల వైద్యుల ముందుకూ పోతుంది. ఎవరి కంటికి ఏ మచ్చ కనబడినా ధర పడిపోతుంది. ఉద్యోగం ఇస్తారో లేదో తెలియకముందే తన ఒంటి గుట్టు ముప్పై చోట్ల విప్పి చూపితేగాని న్యాయం దొరకదనడం నాకు సబబుగా తోచదు.

రెండో మాట, డ్రాఫ్ట్ లేకపోతే ధనిక క్లబ్బులు అందరినీ ఎగరేసుకుపోతాయని. 1965లో డ్రాఫ్ట్ మొదలైంది ఆ భయంతోనే, అందులో న్యాయముంది. కానీ నేను డ్రాఫ్ట్ ఎత్తేయమనడం లేదు. ఎంచుకునే వరుస బలహీన జట్లకు ఉండనివ్వండి. వరుసలో ఉన్న క్లబ్బు తన వంతు వాడుకుని, వద్దనుకున్నాక కూడా తలుపు మూసి పట్టుకోవడం ఎందుకు?

మూడోది వైద్యులు తప్పు చెప్పలేదన్న మాట. దీనికి బేస్‌బాల్ చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొట్టమొదటి స్థానంలో బ్రేడీ ఐకెన్‌ను ఎంచుకుంది. 65 లక్షల డాలర్లకు మాట కుదిరాక మోచేతి స్నాయువు విషయంలో అనుమానపడి మొత్తం తగ్గించింది. సంతకం జరగలేదు. మరుసటి మార్చిలోనే ఐకెన్‌కు మోచేతి శస్త్రచికిత్స అయింది. క్లీవ్‌లాండ్ అతనిని 17వ స్థానంలో తీసుకున్నా మేజర్ లీగ్ దాకా రాలేకపోయాడు. ఆస్ట్రోస్ మాత్రం పరిహారంగా వచ్చిన రెండో స్థానంలో అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తీసుకుని వరల్డ్ సిరీస్ గెలిచింది. వైద్యులు సరే, మరి ఆ రోజు బలైపోయిన ఇంకో కుర్రాడి సంగతేమిటి? జేకబ్ నిక్స్ అనే హైస్కూల్ పిచ్చర్‌ను అదే ఆస్ట్రోస్ ఐదో రౌండ్‌లో ఎంచుకుని 15 లక్షలకు ఒప్పుకుంది. ఐకెన్ సంతకం చేయకపోవడంతో క్లబ్బు ఖర్చు పెట్టగల మొత్తం తగ్గిపోయి, నిక్స్ ఒప్పందం కూడా గాలికి పోయింది. ఎవరి మోచేయో బాగాలేదని ఎవరి బతుకో ఏడాది ఆగింది. అతను ఫిర్యాదు చేశాడు, చివరికి రాజీ కుదిరింది.

రెండో వైపు సాక్ష్యం ఆర్. ఎ. డికీ. 1996లో రేంజర్స్ అతనికి 8,10,000 డాలర్లు ఇస్తానంది. ఒక పత్రిక ముఖచిత్రంలో అతని కుడిచేయి వేలాడే తీరు చూసి అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే, మోచేతిలో ఉండవలసిన ప్రధాన స్నాయువే లేదని తేలింది. ఇస్తానన్న మొత్తం 75,000కు పడిపోయింది. ఆ చేత్తోనే అతను 2012లో మెట్స్ తరఫున నకిల్‌బాల్ అనే నెమ్మదిగా ఊగే బంతి వేస్తూ, ఏటా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు గెలుచుకున్నాడు. వైద్య నివేదిక ఒక సంభావ్యత మాత్రమే. సంభావ్యత మీద ముప్పై క్లబ్బులు ముప్పై ధరలు కడతాయి. ఒక్కరి ధరనే చట్టం చేయడం వైద్యశాస్త్రం నేర్పిన పని కాదు.

ట్రాయ్‌లో ఐదు ఆటలు

కళాశాలకు తిరిగి వెళ్లకుండా రాకర్ 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణానికి పోయి, ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ తరఫున ఆడాడు. ఏ మేజర్ లీగ్ క్లబ్బుకూ చెందని స్వతంత్ర జట్టు అది. 2020 దాకా ఆస్ట్రోస్‌కు అనుబంధంగా ఉండేది. మేజర్ లీగ్ పెద్దలు మైనర్ జట్ల సంఖ్య 120కి తెగ్గోసినప్పుడు దాన్నీ వదిలేశారు. క్లబ్బులు వద్దన్న జట్టు, క్లబ్బు వద్దన్న పిచ్చర్‌కు చోటిచ్చింది.

అక్కడి మేనేజర్ పీట్ ఇంకవిలియా. ఈ పేరు వినగానే పాత అభిమానులకు ఒక నిబంధన గుర్తొస్తుంది. 1985లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ ఎంచుకున్న ఇంకవిలియా నేరుగా మేజర్ లీగ్‌లోనే ఆడతానని పట్టుబట్టి, చివరికి రేంజర్స్‌కు మారిపోయాడు. ఆ తర్వాతే, సంతకం చేసిన ఆటగాడిని ఏడాదిలోపు మరో క్లబ్బుకు బదిలీ చేయరాదని నియమం పెట్టారు. అంటే కుర్రాడికి కాస్త సందు దొరికిన ప్రతిసారీ ఆ సందు మూశారు. 2009లో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ కోటిన్నర డాలర్ల ఒప్పందం సాధించాడు. 2012 నుంచి ప్రతి క్లబ్బు డ్రాఫ్ట్ ఖర్చుకూ గట్టి పరిమితి వచ్చింది. ఈ పరిమితి మీద ఆటగాళ్ల సంఘం సంతకం ఉంది. డ్రాఫ్ట్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లు ఆ సంఘంలో సభ్యులు కారు. వారి డబ్బు తగ్గించి సీనియర్లకు మరో సౌకర్యం అడగడం సంఘానికి తేలికైంది.

ట్రాయ్‌లో రాకర్ 20 ఇన్నింగ్స్ వేశాడు, 32 స్ట్రైక్అవుట్లు తీశాడు. 2021 సెప్టెంబరులో అతని భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. అది తెలిసి కూడా రేంజర్స్ 2022 డ్రాఫ్ట్‌లో అతనిని మూడో స్థానంలో తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. అప్పటి జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ స్వయంగా పిచ్చర్, తన భుజానికి శస్త్రచికిత్సలు చేయించుకున్నవాడు. అదే చేయి, ఇంకో కన్ను. 2021 ఆగస్టులోనే ఆ కంటికి అవకాశం ఇచ్చి ఉంటే కుర్రాడికి ఒక ఏడాది కలిసొచ్చేది. పిచ్చర్‌కు ఏడాది చిన్నదేమీ కాదు. 2023లో మోచేతి స్నాయువు మార్పిడి శస్త్రచికిత్సతో మరో ఏడాదికి పైగా పోయింది.

2024 ఆగస్టులో అతను తిరిగి కోలుకుంటూ రేంజర్స్‌కు అనుబంధ మైనర్ లీగ్ జట్టయిన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కు వచ్చాడు. ఫ్రిస్కోలో తెలుగువారు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కరలేదు. ఆ స్టేడియంలో కుడివైపు గోడ అవతల పిల్లలు ఈదులాడే కొలను ఉంటుంది. మన కుటుంబాలు చాలావరకు ఆ కొలను కోసం, బాణసంచా కోసం వస్తాయి. మా మిత్రుడి నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉంటే ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన జిల్లా పరిషత్ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. రాకర్ తల్లి లలిత భారతీయ దంపతుల బిడ్డ అనీ, తండ్రి ట్రేసీ ఒకప్పుడు పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడనీ చెబితే, ఆరడుగుల ఐదంగుళాల ఆ మనిషిని ఆపాదమస్తకం చూసి తల ఊపారు. ఆయన ఆసక్తి మాత్రం చేతి మీద. ప్రతి బంతి తర్వాతా రాకర్ భుజం తిప్పుకుంటున్నాడా, మోచేయి పట్టుకుంటున్నాడా అని గమనిస్తూ కూర్చున్నారు. 131 బంతుల సంగతి చెప్పినప్పుడు, “పంతొమ్మిదేళ్ల పిల్లవాడి చేతా? ఆపేవాళ్లే లేరా బాబూ?” అన్నారు.

మెట్స్ కథ వివరించాక ఆయన కాసేపు ఆలోచించారు. “ఇదెక్కడి పద్ధతి? ఒక సంబంధం తప్పిపోతే ఏడాదిపాటు ఇంకో సంబంధం చూడకూడదంటే ఒప్పుకుంటామా?” అన్నారు. “డబ్బు బాగానే వచ్చిందిలెండి బాబాయిగారూ” అని నా పక్కనున్న మిత్రుడు సర్దబోయాడు. ఆయన వినలేదు. “ఇతనికి వచ్చింది, సరే. తండ్రి ఉన్నాడు, ఏజెంట్ ఉన్నాడు. ఏమీ లేనివాడు ఆ ఏడాది ఏం తింటాడు?” అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. 2022 దాకా మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద ఉండే డబుల్-ఎ స్థాయి మైనర్ లీగ్ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. మైనర్ ఆటగాళ్లు సంఘంలో చేరి 2023లో తొలి ఒప్పందం చేసుకున్నాకే అది 30,250కి పెరిగింది. సంఘంలో చోటు దొరకగానే జీతం రెట్టింపు దాటిందంటే, చోటు లేనన్నాళ్లూ ఎంత పోయిందో ఊహించుకోవచ్చు.

ఏం మారింది, ఏం మారలేదు

లీగ్, ఆటగాళ్ల సంఘం 2022లో చేసుకున్న కార్మిక ఒప్పందంలో కొంత మెరుగు వచ్చిందని ఒప్పుకుంటాను. డ్రాఫ్ట్‌కు ముందు వేసే ర్యాంకుల్లో మొదటి 300 మందిలో ఉన్న ఆటగాడు వైద్య పరీక్షకు సమ్మతిస్తే, అతనిని ఎంచుకున్న క్లబ్బు కనీసం సూచిత మొత్తంలో 75 శాతం ఇవ్వాలి, తర్వాత పరీక్ష పేరుతో వెనక్కు తగ్గడానికి వీల్లేదు. రాకర్ ఉదంతం ఈ మార్పును కొంత తొందరపెట్టి ఉంటుందని నా నమ్మకం. కానీ ఆ రక్షణ ముందుగా ఒంటిని పరీక్షకు అప్పగించినవారికే. మిగిలినవారి సంగతి 2021లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

ఇక రాకర్ ఆట సంగతి. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్ మారినర్స్ మీద తొలి మేజర్ లీగ్ ఆటలో నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు, ఏడుగురిని స్ట్రైక్అవుట్ చేశాడు. 2025 బాగాలేదు. ముందు ముందు బాగుపడవచ్చు, పడకపోవచ్చు. అతను గొప్ప పిచ్చర్ అయితేనే నా వాదన నిలుస్తుందని కొందరు అనుకుంటున్నారు, అది సరికాదు. రేపే అతని చేయి మొరాయించినా 2021లో అతనికి రెండో క్లబ్బుతో మాట్లాడే హక్కు ఉండవలసింది. ఐకెన్‌కు కూడా ఉండవలసింది. నిక్స్‌కు అందరికంటే ఎక్కువగా ఉండవలసింది.

ప్రస్తుత కార్మిక ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఆ చర్చల్లో ఆటగాళ్ల సంఘం ఈ నియమం కోసం పట్టుబట్టాలి. పరీక్ష తర్వాత క్లబ్బు వెనక్కు తగ్గితే, గడువు తేదీ దాకా సాగదీయకుండా వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పిన క్షణం నుంచి ఆటగాడు మిగతా 29 క్లబ్బులతో బేరమాడుకోవచ్చు, తన నివేదికను తాను కోరినవారికే చూపించుకోవచ్చు. వదులుకున్న క్లబ్బుకు మరుసటి ఏడాది పరిహార స్థానం కావాలంటే, ఇరుపక్షాలకూ సంబంధం లేని వైద్యుడు ఆ నివేదిక చూసి క్లబ్బు అనుమానం సమంజసమని చెప్పాలి. అలా చెప్పకపోతే పరిహారం ఇవ్వకూడదు.